కొండలు లేని లంక

శుక్రవారం మధ్యాహ్నం పటాల గదికి లోపలినుంచి గడియ పెట్టుకుని, బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడిపోయిన, ఆఫీసులో చిరిగిన పటాలు అతికే జిగురమ్మను పోయినవారం అక్కడే వదిలి వచ్చాం. ఆమె ముందున్నది బావగారు, అంటే ఆమె భర్తకు అన్నగారు, తెచ్చిచ్చిన ఏటి పటం. లంకలో ఒక పాత గోడ పడగొడుతుంటే గూట్లో దొరికిందని ఆయన మాట. పటం వెనక అతికిన గుడ్డను తడిపి అంగుళం అంగుళం ఊడదీసేసరికి, మట్టి మరకల కిందనుంచి, ఏరు రెండు పాయలుగా చీలిన చోట ఒక పేరు తేలింది. కుండల లంక.

ఆ పేరు చూసి ఆమె ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేదు. ఆమె మనసులో మొదట మెదిలిన మాట ఇది: ‘కావాల్సిన పేరు, కావాల్సిన చోట, కావాల్సిన వారానికే దొరికిందా?’

సంగతి చెప్పాలి. ఆ లంకలో ఇప్పుడు నూట నలభై ఇళ్లున్నాయి. అందులో ఒకటి బావగారిది. మిగిలినవన్నీ ఏదో ఒక వరసన జిగురమ్మ అత్తింటివాళ్లవే. ఏటికి గట్టు పోస్తున్నారు కనుక లంకను ఖాళీ చేయించాలని ప్రభుత్వం ఆలోచన. అరవై ఏళ్లనాటి పెద్ద వరద దాకా అది ఒట్టి ఇసుక దిబ్బ, అక్కడ మనిషన్నవాడు లేడు, కాబట్టి ఎవరికీ హక్కు లేదు అని వాళ్ల వాదన. దానికి ఆధారం ఇదే ఆఫీసులో, ఇదే గదిలో, ఏడో బీరువాలో ఉంది. వరదకు ముప్పై ఏళ్ల ముందు గీసిన పెద్దపటం. దాని మీద ఆ లంక పేరు కొంగల లంక.

“కొంగలు వాలేది మనుషులు లేని చోటే కదమ్మా,” అన్నాడు విచారణ అధికారి, అదేదో చిన్నపిల్లకు చెబుతున్నట్టు.

ఇప్పుడందరూ పిలిచేది కొండల లంక అని. చీమలపుట్టకు మించి ఎత్తయినదేదీ లేని నేలకు ఆ పేరేమిటని కొత్తవాళ్లు నవ్వుతారు. ఆఫీసులో దానికో కథ ఉంది. ఎప్పుడో ఒక బద్ధకపు నకలు గుమాస్తా ‘గ’ను ‘డ’ చేశాడట, కొంగలు కాస్తా కొండలయ్యాయట. కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ ఈ కథ చెప్పి, అక్షరం దగ్గర జాగ్రత్తగా ఉండమని బుద్ధి చెబుతారు. జిగురమ్మకూ చేరినరోజే చెప్పారు.

కానీ కొంగలు కాదు, కుండలైతే? కుండ ఉన్న చోట పొయ్యి ఉంటుంది. పొయ్యి ఉన్న చోట మనిషి ఉంటాడు. ఒక్క కొమ్ముతో నూట నలభై ఇళ్లు నిలబడతాయి. సోమవారం విచారణ.

అందుకే ఆమెకు అనుమానం. బావగారు మాటకారి. సైకిలు తొక్కడం రాకపోయినా పందెంలో గెలిచిన కథ చెప్పగలడు. “ఇది అసలుదే అని నువ్వొక్క ముక్క రాసివ్వమ్మా, మిగతాది నేను చూసుకుంటా,” అన్నాడు. ఆ ‘మిగతాది’ రెండు రోజులుగా ఆమెకు పంటికింద రాయిలా తగులుతోంది. ఆమె భర్త లాంచీ ఇంజన్లు బాగుచేసే మనిషి, ఏనాడూ ఆఫీసు సంగతులు అడగడు. అలాంటివాడు ఇవాళ పొద్దున బూట్లు తొడుక్కుంటూ, తలెత్తకుండా, “అన్నయ్యకు రాసిచ్చావా?” అన్నాడు. అదీ ఒక రాయే.

ఆమె చెయ్యగలిగిన పరీక్షలన్నీ చేసింది. కాగితం పాతదే. అదేమంత గొప్ప కాదు, పాత పుస్తకాల చివర ఖాళీ కాగితాలు కావాల్సినన్ని దొరుకుతాయి. మడతల దగ్గర భూతద్దం పెట్టింది. పగిలిన మడత మీద తర్వాత రాస్తే సిరా ఆ పగుళ్లలోకి పాకుతుంది. ఇక్కడ పాకలేదు. మడతతో పాటే సిరా కూడా పగిలింది. అంటే రాసిన తర్వాతే మడత పడింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అన్నీ అంత సరిగ్గా ఉండటమే ఆమెకు నచ్చలేదు.

దాంతో పటాల మాస్టారికి కబురు చేసింది.

---

మూడు గంటలకు రమ్మంటే మూడింటికి వచ్చే మనిషి మాస్టారు. వాన లేకపోయినా గొడుగు, మెడలో దారంతో వేలాడే అద్దాలు. ఉద్యోగం వదిలి అయిదేళ్లయినా ఈ గదిలోకి వచ్చేముందు చెప్పులు బయటే విప్పుతాడు. జిగురమ్మ చేతిలో ఉన్న పనంతా ఆయన పెట్టిన భిక్ష. పిండి ఎంత పలచగా ఉడకాలో, కాగితం పీచు ఎటు నడుస్తుందో, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆ జిగురు వాసన వల్ల వచ్చిన ముద్దుపేరు కూడా ఆయన పెట్టిందే. “చిరిగినదాన్ని అతుకు, లేనిదాన్ని పూరించకు,” అన్నది ఆయన మొదటి పాఠం. “మూడు రోజులు చూడనిదే నోరు విప్పకు,” అన్నది రెండోది.

ఆ మాస్టారు బల్ల మీద పటాన్ని అరనిమిషం చూశాడు.

“దొంగది,” అన్నాడు. అద్దాలు కూడా పెట్టుకోలేదు.

“అప్పుడే తేల్చేశారా మాస్టారూ?”

“తేల్చేదేముంది? మొన్నీమధ్య ఎవరో వండిన పటం. మీ బావగారి వంటే అయ్యుంటుంది. సోమవారం దీన్ని పట్టుకెళ్లావంటే ఆయనతో పాటు నీ పరువూ గంగలో కలుస్తుంది. చుట్టి ఇచ్చెయ్యి. నువ్వు చూపించలేదు, నేను చూడలేదు.”

ఆమె వినాలనుకున్న తీర్పే అది. ఆయన్ను పిలిచిందే దానికోసం. అయినా మనసు కుదుటపడలేదు. ఈయన పక్కన పదిహేడేళ్లు కూర్చుంది. ఒకసారి పటం అంచు కొరికింది ఎలుకా, చుంచా అన్నది చెప్పడానికి ఈ మనిషి నాలుగు రోజులు తీసుకున్నాడు.

“మడతల దగ్గర సిరా చూశారా?”

“ఆ, చూశాను.”

చూడలేదు. భూతద్దం ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

అప్పటిదాకా బావగారి చుట్టూ తిరుగుతున్న అనుమానం, కుక్కపిల్ల యజమానిని మార్చినట్టు, నెమ్మదిగా లేచి వచ్చి మాస్టారి కాళ్ల దగ్గర కూర్చుంది. ఆమె దాన్ని తరమడానికి చూసింది. పోలేదు.

“పోనీ, పెద్దపటం పక్కన పెట్టి ఒక్కసారి పోల్చి చూద్దామా?” అంది తేలిగ్గా.

“ఎందుకు? దాన్ని కదపకు. పెళుసుబారింది, విరుగుతుంది.”

“పోయినేడు దుమ్ము దులిపింది నేనే కదా. బాగానే ఉంది.”

“అమ్మాయ్, వద్దని చెబుతున్నానా!”

ఆ గొంతు ఆమెకు కొత్త. ఆయన ఎప్పుడూ కోప్పడడని కాదు. కోప్పడినప్పుడు ఆ గొంతు వణకదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడంటారు. ఇక్కడ గుమ్మడికాయల మాట ఇంకా ఎవరూ ఎత్తనే లేదు.

ఆమె ఏడో బీరువా తెరిచింది.

పెద్దపటం ఉన్న అట్ట మీద ఎర్ర సిరాతో, మాస్టారి గుండ్రటి చేతిరాతలో ఒక మాట ఉంటుంది: ‘దీపపు బల్ల మీద పెట్టరాదు.’ దీపపు బల్ల అంటే పైన గాజు, లోపల ట్యూబులైటు ఉన్న బల్ల. కాగితంలో పలచబడ్డ చోట్లు తెలియడానికి పటాన్ని దాని మీద పరుస్తారు. గదిలో ఉన్న వెయ్యిన్నొక్క పటాల్లో ఈ ఒక్కదానికే ఆ నిషేధం. ఇన్నేళ్లూ ఆమె ఆ మాట జవదాటలేదు. ఎందుకని అడగనూ లేదు. దేవుడి గదిలో పిల్లలు అడుగుతారా ఎందుకని?

అట్టలోంచి పటం తీసి గాజు మీద పరిచింది. స్విచ్చి నొక్కింది.

కాగితం లోపలినుంచి వెలిగింది. ఏటి పాయలు నరాల్లా కనిపించాయి. పాత అతుకులు మబ్బుల్లా నల్లగా తేలాయి. అన్నీ ఆమెకు తెలిసినవే. లంక దగ్గరికి వచ్చేసరికి చూపు ఆగిపోయింది. ‘కొంగల’ అన్న మాట కింద రెండు చోట్ల కాగితం మిగతా అంతటికంటే తెల్లగా, చిన్న కిటికీల్లా మెరుస్తోంది. ఒకటి మొదటి అక్షరం కుడిపక్కన, కొమ్ము ఉండాల్సిన చోట. రెండోది మధ్య అక్షరం పక్కన, తోక తిరగాల్సిన చోట. అక్కడ పైపొర లేదు. గీకేశారు.

పటాన్ని అంచు పట్టుకుని మెల్లగా తిరగేసింది. వెనకవైపు గోరంత పలచటి అతుకు ఉంది. దాని అంచులు కత్తెరతో కోసినవి కావు. సూదిమొనతో పీచులు పీచులుగా లాగి, అతుకు ఎక్కడ మొదలైందో వేలికి కూడా తెలియనంత నున్నగా అతికారు. అలా అతికే మనుషులు ఈ ఆఫీసులో ఇద్దరే. ఒకరు ఆమె. ఆమెకు నేర్పింది రెండో మనిషి.

మాస్టారు కిటికీ వైపు తిరిగి, ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

“కొమ్ము గీకారు,” అంది ఆమె. “‘డ’ తోక గీకారు. పైన కొత్త సిరాతో ఇంకో పేరు దిద్దారు. కొంగలు కొండలు కాలేదు మాస్టారూ. కుండలే కొండలయ్యాయి. ఎవరో నకలు రాస్తూ కొమ్మును ఒత్వం అనుకున్నారు, అంతే.”

ఆయన ఊచలు వదల్లేదు.

“ఆ బద్ధకపు గుమాస్తా కథ నాకు చెప్పింది మీరు. నాకంటే ముందువాళ్లకు ఎవరు చెప్పారు?”

“నేనే.”

“మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. నేనే అల్లాను. బాగుంది కదా కథ? అందరూ నవ్వేవాళ్లు. నవ్విన కథను ఎవరూ అనుమానించరు.”

కంచే చేను మేసిందని పేపర్లలో చదవడం వేరు. ఆ కంచె నీడలో పదిహేడేళ్లు చల్లగా కూర్చున్నామని తెలియడం వేరు.

“మిమ్మల్ని ఎవరు కొన్నారు?”

అప్పుడు తిరిగాడు ఆయన. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఆ మాట నువ్వు అనొచ్చు. అనాల్సిందే. కానీ ఎవరూ కొనలేదు అమ్మాయ్. అడిగారు. నలభై ఏళ్ల కిందట ఒకావిడ వానలో తడిసి ముద్దయి వచ్చి, అదిగో ఆ గుమ్మం దగ్గర నిలబడింది. చంకలో పిల్లాడు.”

“ఎవరో వచ్చి అడిగితే రికార్డు గీకేస్తారా?”

“ఎవరో కాదు. మా అక్క.”

“మీకు అక్క ఉన్నట్టు ఏనాడూ చెప్పలేదే!”

“చెప్పనని ఒట్టు వేయించుకుంది.” ఆయన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. “ఆ చంకలో పిల్లాడు ఇప్పుడు లాంచీ ఇంజన్లు బాగుచేస్తున్నాడు.”

ఆమెకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. నమ్మడానికే పట్టింది.

“అంటే... అత్తయ్య మీకు...”

“అక్క.”

“ఆయనకు మీరు మేనమామ.”

“మేనమామనే. మేనల్లుడి పెళ్లికి నీ తరఫున, ఆఫీసువాళ్లతో కలిసి వచ్చి, ఆఖరి వరసలో కూర్చుని భోంచేసి వెళ్లాను.” నవ్వబోయాడు, కుదరలేదు. “మా అక్క నాకు నీళ్లు పోస్తూ, ‘ఇంకొంచెం వేసుకోండి మాస్టారూ’ అంది. అంతే మాట్లాడుకున్నాం ఆ రోజు.”

ఆ తర్వాత ఆయన చెప్పింది ఎక్కువ లేదు. ఆయనకు గుర్తున్నదే అంత. అప్పుడు ఆయనకు నాలుగేళ్లు, అక్కకు ఏడు. లంకలో ఆరు ఇళ్లు. అందరూ కుండలు చేసేవాళ్లే. ఏటి ఒడ్డున వరసగా ఆరబెట్టిన పచ్చికుండలు, తను ఒకదాన్ని తొక్కితే వీపు మీద పడ్డ దెబ్బ, కుమ్మరి సారె తిరిగే చప్పుడు. ఇవి తప్ప తండ్రి ముఖం కూడా గుర్తులేదు. వరద వచ్చింది. ఎగువన ఇంకో లంక ఉండేది, దాన్ని ఏరు మింగేసింది. అక్కడివాళ్లు పడవల్లో కొట్టుకొచ్చి వీళ్ల ఒడ్డున దిగారు. ఒక్క పూట ఉంటామన్నారు.

“తర్వాత?”

“తర్వాత నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి పడవలో ఉన్నాను. ఈ ఒడ్డున అనాథ పిల్లల హాస్టలు మెట్ల మీద దింపారు. మిగతా ఇళ్లవాళ్లు ఏమయ్యారో, ఒక్కరూ మళ్లీ కనిపించలేదు. అక్కను మాత్రం వాళ్లే ఉంచేసుకున్నారు, ఇంటి పనికి. పదకొండేళ్ల తర్వాత అదే ఇంటికి కోడలయింది. అదే నీ అత్తిల్లు.”

“మరి పేరు ఎందుకు గీకించింది? అది తన వాళ్ల పేరే కదా!”

“అప్పుడొక సర్వే వచ్చింది. ఏదో పాత నకల్లో పేరు చూసి, ఈ కుండలవాళ్లెవరు, వాళ్ల వారసులెక్కడ అని ఆఫీసరు లంకలో అందరినీ అడిగాడు. అందరూ నేల చూపులు చూశారు. సరే, అసలు పటం చూస్తానని ఆయన ఇక్కడికి బయల్దేరాడు. ఆయనకంటే ఒక రోజు ముందు అక్క వచ్చింది.” మాస్టారు గొడుగు పిడిని రెండు చేతులతో నలుపుతున్నాడు. “‘కుండలని ఉంటే మనవాళ్లు ఎటు పోయారని అడుగుతార్రా. కొంగలని రాయి. కొంగలకు వారసులుండరు,’ అంది.”

“మీరు రాశారు.”

“మా నాన్న ఊరి పేరును నా చేత్తో నేను గీకాను. రెండు బ్లేడ్లు విరిగాయి. చేసిన తప్పుకు సాకు చెప్పడం లేదు. జరిగింది చెబుతున్నాను.”

ఆమెకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అది ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక గదిలో దిక్కులు చూసింది.

“పోనీ ఇప్పుడైనా కుండలని తేలనివ్వండి. నూట నలభై ఇళ్లు నిలబడతాయి.”

“నిలబడవు. నువ్వింకా లోతుకు వెళ్లలేదు. వరదకు ముందు అక్కడ కాపురాలున్నాయని తేలిందనుకో. రెండో ప్రశ్న, ఎవరి కాపురాలు? అప్పుడు ఈ నూట నలభై ఇళ్లూ పరాయివాళ్ల నేల మీద కూర్చున్నవే. లంక మొత్తం ఇద్దరు ముసలివాళ్లది అవుతుంది. ఒకరు నేను, ఒకరు మీ అత్త.”

కొంగలైతే ప్రభుత్వానిది. కుండలైతే ఇద్దరు ముసలివాళ్లది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెంటి మధ్య నూట నలభై పొయ్యిలు.

ఇంకో ఆలోచన ఆమెను సూదిలా పొడిచింది. ఈ సంగతి బావగారికి నిజంగా తెలియదా? తెలియక సంబరపడి పటం తెచ్చాడా, లేక తెలిసే తెచ్చాడా? లంక తల్లిది అయితే, రేపు అది ఎవరి చేతికి వస్తుంది? ‘మిగతాది నేను చూసుకుంటా.’

మాస్టారు లేచాడు. “ఏం చేస్తావు?”

ఆమె పెద్దపటం రిజిస్టరు తీసింది. పటం స్థితి ఎలా ఉందో రాసే గడిలో, తేదీ వేసి, కుదురుగా రాసింది: ‘దీపపు బల్ల మీద చూడగా లంక పేరు ఉన్న చోట రెండు గీకుడు గుర్తులు. వెనక అతుకు. పైన ఉన్న సిరా తర్వాతి కాలానిది.’ కింద సంతకం పెట్టింది. ఎవరు గీకారో రాయలేదు. కింద ఏ పేరుండేదో కూడా రాయలేదు.

ఆయన ఆమె భుజం మీదుగా వంగి చదివాడు.

“ఉన్నదే రాశాను,” అంది ఆమె. “లేనిది పూరించలేదు.”

“అదే కదా నేర్పాను,” అన్నాడు మాస్టారు. గొడుగు మర్చిపోయి వెళ్లిపోయాడు.

---

రెండు పటాలూ బీరువాలో పెట్టి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుని ఆమె నాలుగున్నరకే ఆఫీసునుంచి బయటపడింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. ‘అత్తయ్యా, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి.’ అది బాగాలేదు. ‘అత్తయ్యా, నాకంతా తెలిసింది.’ అది సినిమాలో మాటలా ఉంది. పెళ్లయి పద్నాలుగేళ్లు. ఈ పద్నాలుగేళ్లలో అత్తగారు తన పుట్టింటి మాట ఒక్కసారి ఎత్తలేదు. ‘మావాళ్లంతా వరదలో పోయారు,’ అని ఒకే ముక్క. ఆ ముక్క చెప్పినప్పుడల్లా ఆవిడ వెంటనే లేచి ఏదో ఒక గిన్నె తోమడం మొదలుపెట్టేది. ఆ గిన్నె అప్పటికే తోమి ఉండేది. అదంతా ఇప్పుడు గుర్తొస్తోంది.

ఇంటికి తాళం.

మోకాళ్ల నొప్పులతో వీధి చివరకు కూడా నడవని మనిషి ఎక్కడికి వెళ్లినట్టు? కింది గదిలో మిషను కుడుతున్న దర్జీ తల బయటపెట్టాడు.

“మీ అత్తగారు రేవు వైపు వెళ్లారమ్మా. నన్ను గునపం అడిగారు. గోడకు మేకు కొట్టడానికి గునపమెందుకు పెద్దమ్మా అంటే, మేకు పెద్దదిలే నాయనా అన్నారు.”

ఆమె దాదాపు పరిగెత్తింది.

రేవులో అయిదున్నర లాంచీకి జనం అప్పటికే ఎక్కుతున్నారు. సిమెంటు బెంచీ మీద అత్తగారు నిటారుగా కూర్చుని ఉంది. ఒళ్లో గోనెపట్టాలో చుట్టిన పొడవాటి వస్తువు, పసిబిడ్డను పడుకోబెట్టుకున్నట్టు.

“తమ్ముడు ఫోన్ చేశాడు,” అంది కోడలు నోరు తెరవకముందే. తమ్ముడు అన్న మాట ఆవిడ నోట ఎంత సులువుగా వచ్చిందంటే, రోజూ లోలోపల అనుకుంటూ ఉన్నట్టుంది. “నీకు చెప్పేశానని ఒకటే ఏడుపు. చిన్నప్పటినుంచీ అంతే వాడు. ఊరికే ఏడుస్తాడు.”

“ఎక్కడికి అత్తయ్యా?”

“లంకకి.”

“గునపంతోనా?”

“చేతులతో తవ్వలేను కదా, ఈ వయసులో.”

జిగురమ్మ ఆవిడ పక్కన కూర్చుంది. ఆయాసం తీరే వరకు ఇద్దరూ ఏటిని చూస్తూ ఉండిపోయారు. కూర్చుకుని వచ్చిన మాటలు ఒక్కటీ పనికిరాలేదు.

“నన్ను తప్పుగా అనుకున్నావా?” అంది అత్తగారు.

“అందరినీ అనుమానించాను. బావగారిని, మీ అబ్బాయిని, మాస్టారిని. మీరొక్కరే మిగిలారు.”

“ముందు నా దగ్గరికే రావాల్సింది.” ఆవిడ గోనెపట్టా సర్దుకుంది. “కాగితాలతో ఇది తేలదమ్మా. కాగితం చేత అబద్ధం చెప్పించింది నేనే కదా, నాకు తెలియదా? మట్టి చేత చెప్పించలేం. కుండలు కాల్చిన ఆవం కింద నేల ఇప్పటికీ ఎర్రగానే ఉంటుంది. పెంకులు బుట్టల కొద్దీ వస్తాయి. ఎక్కడ తవ్వాలో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు.”

“అంత తెలిసీ, మీ నాన్నగారి ఊరి పేరు చెరిపించారు. వారసులని ఎవరో అడుగుతారనా? అడిగితే అడగనివ్వాల్సింది. మీ నేల మీకు వచ్చేది.”

“చంకలో పిల్లాడు. ఇంట్లో ఇంకో పిల్లాడు. వాళ్ల నాన్న మంచివాడు. అదంతా జరిగినప్పుడు ఆయన చిన్నపిల్లాడు. ఆయన్ను ఎందుకు రోడ్డు మీద పెట్టాలి? అయినా పెంకులే ఉంటే నేనే ఎప్పుడో తవ్వించేదాన్ని. పెంకులకు భయపడతారా ఎవరైనా?”

లాంచీ కూత పెట్టింది. సరంగు, “ఎక్కేవాళ్లు ఎక్కండి, పలక తీసేస్తున్నా!” అని అరిచాడు.

“ఇంకేముంది అత్తయ్యా అక్కడ?”

అత్తగారు గునపం ఊతగా పెట్టుకుని లేచింది.

“మనుషులు. అయిదుగురు. మా నాన్నతో కలిపి.” ఎవరింటికి ఎవరు వచ్చారో చెబుతున్నంత మామూలుగా అంది. “తమ్ముడు నిద్రపోయాడు. నాకు నిద్ర రాలేదు. ఎవరు ఎక్కడున్నారో చూపిస్తాను. ఎవరు పూడ్చారో కూడా చెబుతాను. వాళ్లలో ఒకడు ఇంకా బతికే ఉన్నాడు.”

జిగురమ్మకు సోమవారం, విచారణ, కొంగలు, కుండలు అన్నీ ఒక్కసారిగా ఎక్కడో దూరంగా చిన్నవైపోయాయి. ఇప్పుడు వెనక్కి తిరిగితే ఇంటికి వెళ్లొచ్చు. వంట చేసుకోవచ్చు. ఏమీ విననట్టు పడుకోవచ్చు. అత్తగారు అప్పటికే ఒక కాలు పలక మీద పెట్టింది. మోకాలు సహకరించక ఒరిగింది. ఆమె వెళ్లి ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. ఇద్దరూ కలిసే ఎక్కారు. వెనక పలక తీసేశారు.

“ఎవరత్తయ్యా? ఎవరు బతికున్నది?” అంది ఆమె గుసగుసగా.

అత్తగారి చూపు లాంచీ ముందువైపు నిలిచింది. అక్కడ, చుట్టిన తాళ్ల పక్కన చెక్కపెట్టె మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. తెల్లటి చొక్కా, చేతిలో మందుల సంచి, ఆపరేషనయిన కంటికి పచ్చ అద్దాలు. లంకలో అందరికంటే పెద్దవాడు. ఎవరింట్లో శుభకార్యం అయినా ముందు ఆయన్నే పిలుస్తారు. జిగురమ్మ పెళ్లిలో పెద్దరికం వహించింది కూడా ఆయనే. అత్తగారు తూలుతున్న లాంచీలో ఒక్కొక్క అడుగే వేసుకుంటూ సరిగ్గా ఆయన ఎదురుగా వెళ్లి నిలబడింది.

“బాగున్నావా చిన్నమామయ్యా?” అంది.

ముసలాయన ముఖమంతా వెలిగింది. “నువ్వటమ్మా! ఎన్నాళ్లకు మా లంక గుర్తొచ్చింది!” అంటూ పక్కకు జరిగి చోటిచ్చాడు. తర్వాత పచ్చ అద్దాలు పైకి జరుపుకుని, ఆవిడ చేతిలోని గోనెపట్టా కేసి కళ్లు చికిలించి చూశాడు.

“ఏమిటమ్మా అది, చేతిలో?”